ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? లెక్క ఒకటి, దారులు అనేకం

జులైలో ఒక రోజు తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో విమానం ఎక్కిన ప్రయాణికుడు, 16 గంటలు ప్రయాణించి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే అక్కడి గోడ గడియారం అదే తేదీ ఉదయం 7.30 చూపిస్తుంది. టికెట్ మీద చూస్తే మూడున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో వడ్డీతో సహా చెల్లించాలి. ఉదయం 10 గంటలకు అక్కడ బయలుదేరితే, పదహారున్నర గంటల ప్రయాణం తర్వాత ఢిల్లీలో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం 3 అవుతుంది. రాత్రి 8కి బయలుదేరే విమానమైతే మధ్యలో ఒక తేదీ మొత్తం ఆకాశంలోనే గడిచిపోతుంది. అమ్మానాన్నలను విమానాశ్రయంలో ఎదురుకోవడానికి ఒక రోజు ముందో, ఒక రోజు ఆలస్యంగానో వెళ్లిన కొడుకులు, కూతుళ్లు తెలుగు కుటుంబాల్లో తక్కువేమీ కాదు.

గడియారం లెక్క తేలికైనదే. భారత కాలమానం గ్రీనిచ్ కంటే 5.30 గంటలు ముందుంటుంది. కాలిఫోర్నియా చలికాలంలో 8 గంటలు, వేసవిలో 7 గంటలు వెనక ఉంటుంది. కాబట్టి తేడా నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదమూడున్నర గంటలు, మిగిలిన కాలంలో పన్నెండున్నర. మనకు గడియారం మార్చుకునే అలవాటు లేదు కాబట్టి ఆ రెండు ఆదివారాల దగ్గరే పొరపాట్లు జరుగుతుంటాయి.

దూరం సంగతి అంత తేలిక కాదు.

దారం పట్టి కొలిస్తే

గోడకు తగిలించిన ప్రపంచ పటంలో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది యూరప్, అట్లాంటిక్ మీదుగానో, చైనా, పసిఫిక్ మీదుగానో పోతుంది. గుండ్రటి గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే కథ మారిపోతుంది. దారం ఢిల్లీ నుంచి కాస్త తూర్పుకు ఒరిగి దాదాపు ఉత్తరానికే సాగుతుంది. లడఖ్ వైపు హిమాలయాలు, చైనాలోని షింజియాంగ్, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం మీద 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైదాకా వెళ్తుంది. అక్కడి నుంచి అలాస్కా మీదుగా కిందికి దిగి పసిఫిక్ తీరం వెంబడి కాలిఫోర్నియా చేరుతుంది. ఈ దారం పొడవు సుమారు 12,370 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్య అయినా ఉండగల గరిష్ఠ దూరం 20,000 మాత్రమే. అందులో ఇది అరవై శాతానికి పైనే.

బెంగళూరు నుంచి కొలిస్తే శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 14,000 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి సుమారు 13,500. వెబ్‌సైట్లలో 'ఫ్లైట్ డిస్టెన్స్' అని కనిపించేవన్నీ ఈ దారం లెక్కలే. చాలా సైట్లు ఈ దూరాన్ని గంటకు 800 లేదా 900 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడం దిగడానికి ఓ అరగంట కలిపి 'ప్రయాణ సమయం' అని రాసేస్తాయి. హైదరాబాద్ నుంచి విజయవాడకైతే ఆ లెక్క సరిపోతుంది. ఇంత దూరానికి సరిపోదు, ఎందుకంటే ఈ దారం వెంట ప్రయాణికుల విమానం నేరుగా పోవడం ఆచరణలో జరిగే పని కాదు.

మొదటి అడ్డు హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. విమానం ఎగిరే 10, 11 కిలోమీటర్ల ఎత్తు ముందు ఎవరెస్టు కూడా చిన్నదే కదా అనిపించవచ్చు. సమస్య ఎగరడంలో లేదు, ఏదైనా తేడా వచ్చినప్పుడు దిగడంలో ఉంది. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల తలమీద వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ వచ్చేది కొద్ది నిమిషాలే, సాధారణంగా పావుగంట అటూ ఇటూ. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దిగడానికి చోటేది? అక్కడ ఎగరాలంటే అదనపు ఆక్సిజన్ ఏర్పాట్లు, ముందే గీసి పెట్టుకున్న తప్పించుకునే దారులు, దగ్గరలో దిగడానికి అనుమతి ఉన్న విమానాశ్రయాలు ఉండాలి. అందుకే విమానాలు మామూలుగా ఈ ప్రాంతాన్ని చుట్టుకుని పోతాయి. పడమటికి తిరిగితే పాకిస్థాన్, తూర్పుకు తిరిగితే బంగ్లాదేశ్, మయన్మార్, చైనా.

ఎక్కువ దూరం, తక్కువ సమయం

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరు 2న ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం పడమటికి, యూరప్, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో సంస్థ దిశ మార్చింది. తూర్పుకు, పసిఫిక్ మీదుగా, సుమారు 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందల కిలోమీటర్లు అదనంగా ఎగిరిన ఆ విమానం దాదాపు పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే పాత దారి కంటే రెండు గంటల ముందే చేరింది. నాన్‌స్టాప్ విమానం ఎగిరిన దూరం లెక్కన అప్పట్లో ప్రపంచంలో అదే అతి పొడవైన ప్రయాణమని వార్తలొచ్చాయి.

ఈ విడ్డూరానికి కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో, మధ్య అక్షాంశాల మీద, పడమటి నుంచి తూర్పుకు సన్నని నదిలా జెట్ స్ట్రీమ్ ప్రవహిస్తుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం సాధారణమే, ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతోందనుకుందాం. వెనక నుంచి 150 కిలోమీటర్ల గాలి తోస్తే నేల మీద దాని వేగం 1,050. అదే గాలి ఎదురైతే 750. పదివేల కిలోమీటర్లకు మొదటి లెక్కన తొమ్మిదిన్నర గంటలు, రెండో లెక్కన పదమూడు గంటల ఇరవై నిమిషాలు. గోదావరిలో పడవ నడిపేవారికి ఇది కొత్త సంగతి కాదు.

అప్పుడు తిరుగు ప్రయాణం మాత్రం అట్లాంటిక్ మీదుగానే ఉంచారు, అంటే అదీ తూర్పుకే. ఢిల్లీలో బయలుదేరి, శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, తిరిగి ఢిల్లీలో దిగిన ప్రయాణికుడు రెండుసార్లూ గాలివాటున పోతూ భూమిని ఒక చుట్టు పూర్తిగా చుట్టి వచ్చినట్టు. టికెట్ మీద ఆ మాట ఎక్కడా ఉండదు గానీ, మనవడికి చెప్పుకోవడానికి బాగుంటుంది.

గాలి రోజూ ఒకేలా ఉండదు కాబట్టి దారీ రోజూ ఒకటి కాదు. బయలుదేరడానికి కొన్ని గంటల ముందు విమానయాన సంస్థ సిబ్బంది ఆ రోజు గాలులు, వాతావరణం, మూసి ఉన్న గగనతలాలు, ఏ దేశం మీదుగా పోతే ఎంత రుసుము కట్టాలో చూసి దారి గీస్తారు. టైంటేబుల్‌లో కనిపించే సమయం గేటు నుంచి గేటు దాకా లెక్క. నేల మీద పాకే సమయం, కొంత ముందుజాగ్రత్త అందులో కలిసే ఉంటాయి. ఒకరోజు విమానం అరగంట ముందే దిగిందంటే పైలట్ తొందరపడ్డాడని కాదు.

ధ్రువం మీదుగా

మూడో దారి ఉత్తరానికి. 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ధ్రువ ప్రాంతం మీదుగా నడిపింది. భారత సంస్థల ప్రయాణికుల విమానాల్లో ఇదే మొదటిది. దూరం, ఇంధనం రెండూ కలిసొస్తాయి గానీ అక్కడి కష్టాలు వేరు. రెండు ఇంజన్ల విమానానికి ఒక ఇంజన్ ఆగిపోతే నిర్ణీత సమయంలో చేరుకోగల విమానాశ్రయం ఎప్పుడూ అందుబాటులో ఉండాలన్నది నిబంధన. ఆర్కిటిక్ చుట్టూ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భూమధ్యరేఖ మీద తిరిగే ఉపగ్రహాలు ధ్రువం దగ్గరికి వెళ్లేకొద్దీ దిగంతం కిందికి జారిపోతాయి కాబట్టి పాతకాలపు రేడియో మీద ఆధారపడాలి. చలి ఇంకో సమస్య. మన దేశంలో నింపే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అమెరికాలో ఎక్కువగా దొరికే జెట్ ఎ మైనస్ 40కే. అందుకే తిరుగు ప్రయాణంలో పైలట్ రెక్కల్లోని ఇంధనం ఉష్ణోగ్రతను మరింత జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలి.

2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగిన తొలి నాన్‌స్టాప్ విమానాన్ని నడిపింది నలుగురు మహిళా పైలట్లు: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. సుమారు 17 గంటల ప్రయాణం. ఇంత దూరానికి నలుగురు పైలట్లు ఉండటం ఆడంబరం కాదు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకోవాలి, పని గంటల నిబంధన అలాంటిది.

ఆ వారంలోనే, జనవరి 15న, హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ కూడా మొదలైంది. తెలుగు నేల నుంచి అమెరికాకు తొలి నాన్‌స్టాప్ అది. దారం లెక్కన సుమారు 13,300 కిలోమీటర్లు. వారానికి ఒక్కసారి నడిచిన ఆ సర్వీసు కొంతకాలానికే ఆగిపోయింది.

ఈ సర్వీసులకు వాడిన బోయింగ్ 777-200ఎల్ఆర్ దూరాల కోసమే పుట్టిన విమానం. 2005 నవంబరులో బోయింగ్ దీన్ని హాంకాంగ్ నుంచి తూర్పుకు తిప్పి లండన్ దాకా 21,602 కిలోమీటర్లు ఎక్కడా ఆపకుండా 22 గంటల 42 నిమిషాల్లో నడిపి చూపించింది. ట్యాంకులు నిండా నింపితే 1,81,000 లీటర్లకు పైగా ఇంధనం, అంటే సుమారు 145 టన్నులు పడుతుంది. ఎగిరేటప్పుడు విమానం గరిష్ఠ బరువు 347 టన్నులు. అంటే నిండు ట్యాంకులతో లేచే విమానం బరువులో నలభై శాతం ఇంధనమే. ఆ ఇంధనంలోనూ కొంత భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజున సంస్థలు కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయడం, సరుకు తగ్గించడం ఇందుకే. ఒక్కోసారి ఆవకాయ జాడీ ఉన్న పెట్టె మర్నాటి విమానంలో రావడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

గీత గీసేది రాజకీయం

గాలి, కొండలు, చలి మారేవి కావు. గత కొన్నేళ్లలో ఈ ప్రయాణాన్ని ఎక్కువగా మార్చింది గగనతలాల మూసివేత.

ఇది ఉపఖండానికి కొత్త కాదు. 1971 జనవరి 30న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి 'గంగ' విమానాన్ని లాహోర్‌కు హైజాక్ చేసి, తర్వాత తగలబెట్టారు. దాంతో ఫిబ్రవరిలో భారత్ తన గగనతలాన్ని పాకిస్థాన్ విమానాలకు మూసేసింది. కరాచీ నుంచి ఢాకాకు నేరుగా 2,400 కిలోమీటర్ల లోపే. ఆ నిషేధంతో పాక్ విమానాలు శ్రీలంక చుట్టి పోవాల్సి వచ్చింది. కొలంబో మీదుగా అది నాలుగున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది, దాదాపు రెట్టింపు. ఒకే దేశపు రెండు భాగాల మధ్య దూరం రాత్రికి రాత్రి రెట్టింపు కావడం ఆ ఏడాది జరిగిన చరిత్రలో చిన్న సంగతేమీ కాదు.

2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్థాన్ తన గగనతలం మూసింది. జులై 16న తెరిచింది. జులై 2 నాటికి ఒక్క ఎయిర్ ఇండియాకే రూ.491 కోట్లు నష్టమని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్‌దీప్ సింగ్ పురి రాజ్యసభకు తెలిపారు. 2025లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారత విమానాలకు మళ్లీ తలుపులు మూసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే పని చేసింది. ఆ తర్వాత రెండు వైపులా నెలనెలా గడువు పొడిగిస్తూ పోయారు.

ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానం లాహోర్ మీదుగా పోలేదంటే, ముందు దక్షిణానికి తిరిగి గుజరాత్ దాటి, అరేబియా సముద్రం మీదుగా గల్ఫ్ చేరి, అక్కడి నుంచి యూరప్ దారి పట్టాలి. ఆ అదనపు దూరంతో ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని వియన్నా, కోపెన్‌హాగన్ లాంటి చోట్ల ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఆగడం అంటే ఆ గంట, గంటన్నర మాత్రమే కాదు. దిగడం, ఎక్కడం, రుసుములు, కొన్నిచోట్ల సిబ్బంది మారడం అన్నీ కలుస్తాయి. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుంచి ఎయిర్ ఇండియా నిలిపేసింది. విమానాల కొరతతో పాటు ఈ మూసివేతను కూడా కారణంగా చెప్పింది. మూసివేత వల్ల తమపై పడే భారం ఏడాదికి రూ.4,000 కోట్ల దాకా ఉంటుందని సంస్థ సీఈవో క్యాంప్‌బెల్ విల్సన్ అన్నారు. షింజియాంగ్‌లోని హోటన్ దగ్గర సైనిక నియంత్రణలో ఉన్న చైనా గగనతలాన్ని వాడుకోనివ్వాలని సంస్థ ప్రయత్నిస్తున్నట్టు ఆ నవంబరులో వార్తలొచ్చాయి. మొదట చెప్పుకున్న దారం మళ్లీ చూడండి, అది పోయేది షింజియాంగ్ మీదుగానే.

దారంలో పొడవైన ముక్క రష్యాది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022 నుంచి అమెరికా సంస్థల విమానాలు రష్యా మీదుగా పోలేవు. శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు నాన్‌స్టాప్ నడుపుతామని ముందే ప్రకటించిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దాన్ని మొదలుపెట్టనే లేదు. భారత సంస్థకు మాత్రం రష్యా దారి తెరిచే ఉంది. ఆ వెసులుబాటుకూ ఒక ధర ఉందని 2023 జూన్ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా 777 ఇంజన్‌లో లోపం కనిపించి, రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. చిన్న ఊరు, చాలినన్ని హోటళ్లు లేవు, భాష రాదు. కొందరికి వసతి గృహాల్లో పడకలు వేశారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్లి వారిని ఎక్కించుకుని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేసరికి జూన్ 8 అయింది. పదహారు గంటల ప్రయాణం రెండు రోజులు దాటింది.

హైదరాబాద్ నుంచి ఏ దారి దగ్గర?

తెలుగు రాష్ట్రాల ప్రయాణికులు ఎలాగూ ఎక్కడో ఒకచోట మారాల్సిందే. దారం లెక్కలు ఇక్కడ కొన్ని ఆశ్చర్యాలు చూపిస్తాయి. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా సుమారు 13,500 కిలోమీటర్లు అనుకున్నాం కదా. ఢిల్లీలో మారితే 1,260, 12,370 కలిపి 13,600 పైన. అదనం వంద కిలోమీటర్ల మాటే, ఎందుకంటే ఢిల్లీ దాదాపు ఆ దారిలోనే ఉంది. హాంకాంగ్ మీదుగా 14,900, దుబాయ్ మీదుగా 15,600, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 16,300 దాకా అవుతుంది. దుబాయ్–శాన్‌ఫ్రాన్సిస్కో దారం ఒక్కటే 13,000 కిలోమీటర్లు, అది ఉత్తర ధ్రువానికి చాలా దగ్గరగా పోతుంది.

అయితే ఇంటి నుంచి ఇంటికి పట్టే సమయంలో ఈ వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల తేడా గంటో రెండు గంటలో. మారే చోట నిరీక్షణ రెండు గంటలా, ఏడు గంటలా అన్నదే అసలు తేడా. అందుకే మొత్తం ప్రయాణం ఒకరికి 21 గంటలు, ఇంకొకరికి 28 గంటలు. తక్కువ ధరకు ఏడు గంటల నిరీక్షణ కొనుక్కోవడం పాతికేళ్ల విద్యార్థికి సరే. మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల తల్లికి అది ఎంతమాత్రం ఆదా కాదు. మరోవైపు, ఆగకుండా పదహారు గంటలు కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. గుండె జబ్బులు, ఇటీవలి శస్త్రచికిత్సలు ఉన్నవారు ముందే వైద్యుణ్ని అడగాలి, మిగిలినవారు నీళ్లు తాగుతూ మధ్యమధ్య లేచి నడవాలి.

టికెట్ కొనేటప్పుడు చూడాల్సిన మాట ఒకటుంది. 'డైరెక్ట్' అంటే మనం ఆగకుండా పోయేదనుకుంటాం. విమానయానంలో ఆ మాటకు ఒకే నంబరు విమానం అనే అర్థం, అది మధ్యలో ఎక్కడైనా ఆగవచ్చు. ఎక్కడా ఆగనిది 'నాన్‌స్టాప్'. నాన్‌స్టాప్‌గా అమ్మిన సర్వీసు కూడా గగనతలం మూసినప్పుడు ఇంధనం కోసం ఆగవచ్చు. అలాంటి చోట ప్రయాణికులు సాధారణంగా సీట్లలోనే ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాక ఇంకో విమానం పట్టుకోవాల్సినవారు మాత్రం ఇమిగ్రేషన్ వరుసలకు తోడు ఈ గంటన్నరను కూడా లెక్కలో వేసుకుని రెండో టికెట్ కొనడం మేలు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవారికి మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థ ఏ బాధ్యతా తీసుకోదు.